మత్తు ఇచ్చేముందు అడిగే ప్రశ్న

మా కాలేజీలో ఇప్పుడు ల్యాబ్ టెక్నీషియన్ కోర్సు చదువుతున్న అమ్మాయిలు కొందరు, సౌదీ ఉద్యోగం గురించి ఏమైనా రాసి పంపమని అడిగారు. ముప్పై నిండకుండానే పని మానేసి ఇంటికొచ్చిన నన్ను వాళ్ళు రిటైరైన పెద్దమనిషి కింద జమ కట్టినట్టున్నారు. జీతం, హాస్టలు, ఇకామా అనే నివాస కార్డు, ఎగ్జిట్ వీసా సంగతులు కావాలంటే ఫోన్ చేయండి, చెప్తాను. నలుగురి ముందు నోరు విప్పలేని దాన్ని కాబట్టి, మిగతాది రాయడమే నాకు సులువు. అక్కడ గడిచిన నాలుగేళ్ళలో ఒక్క రోజు గురించే రాస్తాను. ఆ రోజు నేను ఒక మనిషి కులం అడిగాను.

మాది హుఫూఫ్‌లో ఒక ప్రైవేటు ఆసుపత్రి. ల్యాబ్ కింది అంతస్తులో ఉండేది. కిటికీలు లేవు. పైన ఎండ ఎంత కాస్తోందో, దుమ్ము ఎంత లేచిందో రక్తం గొట్టాలు పట్టుకొచ్చే వాళ్ళ మొహాలు చూసి తెలుసుకునేవాళ్ళం. మా అధికారి ఒక సౌదీ డాక్టరమ్మ. నలభై దాటిన మనిషి, గట్టిగా మాట్లాడేది, గట్టిగా నవ్వేది. నన్ను 'యా బింతి' అని పిలిచేది, మనం 'అమ్మాయీ' అన్నట్టు. నేను మధ్యాహ్నం భోజనం చేస్తూ నవల చదువుకుంటుంటే వచ్చి, "ఇవాళ ఎవరు చచ్చారు నీ పుస్తకంలో?" అని అడిగేది.

ఆ ఊళ్ళో మా పనిలో చాలా భాగం పెళ్ళి చేసుకోబోయే జంటలదే. పెళ్ళికి ముందు రక్తపరీక్ష అక్కడ తప్పనిసరి. కొడవలి కణాల జబ్బు అక్కడి కుటుంబాల్లో ఎక్కువ. మీరు పాఠంలో చదివే ఉంటారు: జన్యువులో ఒక్క అక్షరం మారుతుంది, దానివల్ల హిమోగ్లోబిన్ అనే ప్రొటీన్ గొలుసులో ఒక్క పూస మారుతుంది, అంతే. ఆ ఒక్క పూస వల్ల ఎర్రకణం వంకరపోయి, సన్నటి రక్తనాళాల్లో ఇరుక్కుని, మనిషిని నొప్పితో మెలికలు తిప్పుతుంది. పరీక్షల్లో అదొక ప్రశ్న, రెండు మార్కులు. అక్కడ అది ఎదురుగా కూర్చుని, గోరింటాకు చేతులతో కాగితం అందుకుని, చదివి, పక్కనున్న కుర్రాడి వంక చూడకుండా లేచి వెళ్ళిపోయేది. ఆ జంటల్ని మా డాక్టరమ్మ మొహమాటం లేకుండా అడిగేది, మీది ఏ ఖబీలా, మీ అమ్మ ఏ ఇంటి పిల్ల అని. ఖబీలా అంటే తెగ. మొదట్లో ఆ మాట వినపడినప్పుడల్లా నాకు ఒళ్ళు ముడుచుకుపోయేది. ఇలాంటి ప్రశ్న వినపడని చోటికనే కదా ఇంత దూరం వచ్చాను అనుకునేదాన్ని.

ఆ రోజు పొద్దున్న ఒక తెలుగు మనిషిని తీసుకొచ్చారు. జగిత్యాల వైపు వాడు, ఖర్జూర తోటలో పని. గజ్జల్లో పేగు జారి బిగుసుకుపోయింది. తోటలోనే రాత్రంతా వాంతులు చేసుకున్నాడట. వెంటనే ఆపరేషన్ అన్నారు. మత్తు డాక్టరు ఈజిప్టు ఆయన, అనుభవం ఉన్నవాడు. గొంతులో గొట్టం వేయడానికి కండరాలన్నిటినీ ఒక్కసారిగా వదులు చేసే మందు ఇచ్చాడు. దాని పేరు సక్సమిథోనియం. మామూలు మనిషిలో అది కొన్ని నిమిషాలే పనిచేస్తుంది. రక్తంలో ఒక ఎంజైమ్ దాన్ని ముక్కలు చేసి పారేస్తుంది, మనిషి మళ్ళీ ఊపిరి పీల్చుకుంటాడు.

ఆపరేషన్ బాగానే జరిగింది. మత్తు ఆపేశారు. మనిషి ఊపిరి తీసుకోలేదు. వేలు కదల్లేదు. వెంటిలేటర్ మీదే ఐసీయూకి మార్చారు. మత్తు డాక్టరుకు అనుమానం వచ్చి ఆ ఎంజైమ్ ఎంత ఉందో చూడమని రక్తం మాకు పంపాడు. పరీక్ష చేసింది నేనే. దాదాపు సున్నా వచ్చింది. యంత్రం తప్పనుకుని మళ్ళీ చేశాను. అదే.

చిక్కు ఇక్కడే వచ్చింది. ఆ ఎంజైమ్ సున్నాకి పడిపోవడానికి ఆ ఊళ్ళో అందరికీ తెలిసిన కారణం వేరు. పురుగుమందు. తోటల్లో కొట్టే మందు ఒంట్లోకి వెళ్తే మొదట చచ్చేది ఆ ఎంజైమే. ఐసీయూ డాక్టరు ఫైలు చూశాడు: తోటపని, వాంతులు. కళ్ళు చూశాడు: కంటిపాపలు సూదిమొనంత అయిపోయి ఉన్నాయి. నొప్పి తెలియకుండా ఇచ్చిన మందు వల్ల కూడా పాపలు అలాగే అవుతాయి, కానీ పురుగుమందుకీ అంతే. "మందు తాగాడు. పేగు కూడా బిగుసుకుందేమో, కానీ ముందు మందు తాగాడు" అన్నాడు. విరుగుడు మొదలుపెట్టి పోలీసులకు కబురు చేద్దామన్నాడు. ఆయన్ని తప్పుపట్టను. అంతకుముందు ఎండాకాలంలో నిజంగానే మందు తాగిన ఒక కుర్రాడు ఆయన చేతుల్లోనే పోయాడు. ఆ తర్వాత చాలా రోజులు ఆయన క్యాంటీన్‌లో ఎవరితోనూ కూర్చోలేదు.

ఆత్మహత్య చేసుకోబోయాడని అక్కడ కాగితం మీద పడితే ఏమవుతుందో మీకు తెలియకపోవచ్చు. అది నేరం. లేచినా మంచం పక్కన పోలీసు ఉంటాడు, ఆ తర్వాత ఉద్యోగం ఉండదు, దేశం నుంచి పంపేస్తారు. పైగా విరుగుడు మందులు అవసరం లేని ఒంట్లోకి వెళ్తే ఏం చేస్తాయో చెప్పలేం.

మత్తు డాక్టరు ఒప్పుకోలేదు. కొంచెం ఆగమన్నాడు. ఆయనా మా డాక్టరమ్మా ఫోనులో అరబ్బీలో గట్టిగట్టిగా మాట్లాడుకున్నారు. ఆమె ఫోను పెట్టేసి నా వైపు తిరిగింది.

"యా బింతి, ఈ ఎంజైమ్ పుట్టుకతోనే లేనివాళ్ళు ఉంటారు. జన్యువులో మార్పు. ప్రొటీన్ సరిగ్గా మడత పడదు, కణం దాన్ని చెత్తలో పడేస్తుంది. లక్షలో ఒకరు. కానీ మీ దేశంలో ఒక ఖబీలా ఉంది, వాళ్ళలో చాలా ఎక్కువ. పుస్తకంలో చదివాను. వైస్యా అంటారా?"

నా చేతిలో గొట్టం ఉంది. దాన్ని స్టాండులో పెట్టాను.

"వైశ్యులు" అన్నాను.

"అదే. ఇతను వాళ్ళేనా?"

"నాకు తెలీదు."

"నువ్వూ తెలుగే కదా. చూస్తే చెప్పలేవా?"

మా వాళ్ళు చూడకముందే చెప్పేస్తారని అనబోయి మానేశాను. పాస్‌పోర్టులో పేరును బట్టి ఏమీ తెలియలేదు.

అప్పుడు గుర్తొచ్చింది నాకు. చదువుకునేటప్పుడు ఆపరేషన్ థియేటర్‌లో పోస్టింగ్ వేశారు. అక్కడి మత్తు డాక్టరు పెద్దాయన, బల్లమీద పడుకోబెట్టిన ప్రతి మనిషినీ సూది పట్టుకుని అడిగేవాడు, "మీరేమిట్లమ్మా?" అని. భయంతో వణుకుతున్న మనిషి కూడా ఠక్కున చెప్పేసేది. ఆయన మీద నాకు ఎంత అసహ్యమో ఆ రాత్రి డైరీలో పేజీలు నింపాను. సూది పొడిచే ముందు కూడా కులమేనా అని రాశాను. ఎందుకు అడుగుతున్నాడో ఆయన మాకు చెప్పలేదు, మేం అడగలేదు. ఆయన అడిగేది ఈ మందు కోసమని హుఫూఫ్‌లో, కిటికీలు లేని గదిలో, ఒక సౌదీ ఆవిడ నోట విని తెలుసుకున్నాను.

"పైన అతని స్నేహితుడెవరో ఉన్నాడట. వెళ్ళి అడుగు. పరిగెత్తు" అంది డాక్టరమ్మ.

ఐసీయూ బయట నేలమీద గోడకి ఆనుకుని కూర్చుని ఉన్నాడతను. తోటలోంచి తిన్నగా వచ్చినట్టున్నాడు, పాదాల నిండా మట్టి. తెలుగులో పలకరించగానే లేచి నిలబడ్డాడు.

"సిస్టర్, ఎట్లున్నడు? లేచిండా?"

నేను నర్సును కానని చెప్పడానికి అది సమయం కాదు. "ఇంకా లేదండీ. ఒకటి అడగాలి. ఆయనది... ఏ కులమండీ?"

అతను నా మొహంలోకి చూశాడు. సరిగ్గా వినలేదేమోనని మళ్ళీ అడగబోయాను. విన్నాడు.

"ఏందీ? మనిషి ఆడ చావుబతుకులల్ల ఉంటే కులమా? రకతం గావాల్నా? గావాలంటే నాది తీస్కోండ్రి. నా కులం మాత్రం అడుగకుండ్రి."

"రక్తానికి కాదండీ, ఒక మందు గురించి..."

"మందుకు గూడ కులముంటదా? మీ ఆంధ్రోళ్లు ఎడారికొచ్చినా ఇడ్సిపెట్టరా దీన్ని? ఈడికొచ్చినంక అందరం లేబరే. ఒక్కటే రూముల పంటం, ఒక్కటే గంజుల వండుకోని తింటం. నేన్ జెప్ప."

అతని కళ్ళలో నీళ్ళున్నాయి. ఆ కోపం నాకు తెలుసు. నాది కూడా అదే కోపం, చిన్నప్పటి నుంచీ. ఎలా చెప్పాలో తెలియలేదు. చివరికి నాకే తెలియకుండా అన్నాను.

"మాది మాలపల్లె అండీ. బడిలో అడిగారు, అద్దెకి గది కోసం వెళ్తే అడిగారు, హాస్టల్లో అడిగారు. ఎవరినీ ఒక్కసారి కూడా నేను అడగలేదు. ఇవాళే అడుగుతున్నాను. కొన్ని కుటుంబాల వాళ్ళకి ఒక మందు పడదు. ఆయన వాళ్ళలో వాడా కాదా అని తెలియాలి. లేకపోతే పురుగుమందు తాగాడని పోలీసులకి రాస్తారు."

ఆ దేశంలో అడుగుపెట్టాక ఆ మాట నేను ఎవరికీ చెప్పలేదు. అతను మెడలో తువ్వాలుతో మొహం తుడుచుకున్నాడు.

"తాగుడా? ఆడా? ఈగను గూడ కొట్టడు సిస్టర్ ఆడు." ఆగి, గొంతు తగ్గించాడు. "కోమటోళ్లు. ఊర్ల కిరాణం దుకాణముండె. మునిగింది. ఈడికొచ్చిన కొత్తల పార వట్టరాకుండె ఆనికి. మేమంత సేటూ సేటూ అని ఎక్కిరిస్తుంటిమి." అంటూనే అతని మొహం అదోలా అయిపోయింది. "బతుకుతడా?"

"తెలీదండీ" అన్నాను. పరిగెత్తాను.

కులం తెలిస్తే రుజువైపోదు. డాక్టరమ్మ వెంటనే ఇంకో పని చెప్పింది. పురుగుమందు అతని రక్తంలో ఉంటే, మామూలు మనిషి రక్తరసం అందులో కలిపినప్పుడు దానిలోని ఎంజైమ్‌ను కూడా చంపుతుంది. పుట్టుకతో లేకపోవడమే అయితే చంపేది ఏదీ ఉండదు, మామూలు మనిషిలో ఉండేదానిలో సరిగ్గా సగం కనపడుతుంది.

"మామూలు మనిషి ఎవరు?" అన్నాను.

"నువ్వున్నావుగా" అని స్లీవ్ పైకి లాగమంది. ఆమే తీసింది నా రక్తం.

రెండూ సమానంగా ఒక గొట్టంలో కలిపాను. మా ఊళ్ళో ఆ రెండిళ్ళ నీళ్ళు కూడా ఒక బిందెలో కలవవు. సగం వచ్చింది. డాక్టరమ్మ కాగితం చేత్తో పట్టుకుని మెట్లెక్కి తనే వెళ్ళింది. లిఫ్ట్ కోసం ఆగలేదు. విరుగుడు ఇవ్వలేదు. పోలీసులకు ఫోను వెళ్ళలేదు. ఐసీయూ డాక్టరు ఆ కాగితం చాలాసేపు చూసి, "అల్ హందులిల్లాహ్" అని కుర్చీలో కూలబడ్డాడట.

సాయంత్రానికి అతని చిటికెనవేలు కదిలింది. తర్వాత కనురెప్ప. స్నేహితుడు వరండాలో అరిచిన అరుపు రెండంతస్తుల కింద మాకు వినపడింది.

కథ ఇక్కడితో అయిపోతే బాగుండేది. మీరు కూడా ఈ కాగితాన్ని మంచి జ్ఞాపకంగా దాచుకుందురు.

మరుసటి రోజు గొట్టం తీసేశాక, అతనికి ఏమైందో అతని భాషలో చెప్పమని నన్నే పంపారు. పక్కన స్నేహితుడు ఉన్నాడు. గొట్టం వల్ల రోగి గొంతు బొంగురుపోయి ఉంది.

"ఈమెనేరా" అన్నాడు స్నేహితుడు. "నీ కులం అడిగింది ఈమెనే. తిట్టిన."

"ఎరికే" అన్నాడతను. "ఇనవడ్డది."

స్నేహితుడు నవ్వబోయి ఆగిపోయాడు. అది వరండాలో జరిగింది, తలుపు అవతల.

"బయటిది గాదు. లోపలికొచ్చినంక నా చెవుల చెప్పినవ్ గద, గిట్ల కులం అడిగిన్రని. అన్నీ ఇనవడ్డయ్. డాక్టర్లు దిమాగ్ పోయినట్టుందని అనుకున్నరు. నర్సులు ముచ్చట్లు వెట్టుకున్నరు. నువ్వైతే నన్ను పీనుగుల బాక్సుల గూడ వెట్టినవ్. మనల పనికి వెట్టుకున్న కఫీల్ మదీనా వొయిండు, ఫోన్ ఎత్తుతలేడు, సంతకం ఎట్ల, బాక్సు ఎట్ల తోలియ్యాలె అని ఏడ్సినవ్."

"అరే సేటూ..." స్నేహితుడు చేతుల్లో మొహం దాచుకున్నాడు.

"ఈన్నే ఉన్ననురా అని మొత్తుకుంటున్న. లోపల్నే. నాలిక లేస్తలేదు."

మెదడు ఎలా ఉందో చూడటానికి ఐసీయూలో కాసేపు నిద్రమందు ఆపారు. మనిషికి తెలివి వచ్చింది. కండరాలకి కదలిక రాలేదు. ఆ సంగతి అప్పుడు ఎవరికీ తెలియదు.

నేను నా పని చేశాను. తేలికగా చెప్పాలని జిప్పుతో పోల్చాను. బ్యాగు జిప్పులో ఒక్క పన్ను వంకరపోతే మిగతావి ఎంత బాగున్నా జిప్పు పడదు కదా, మీ ఒంట్లో ఒక ప్రొటీన్ అలాంటిది, తల్లి నుంచి ఒక వంకర, తండ్రి నుంచి ఒక వంకర వచ్చాయి అన్నాను.

"అంటే బ్యాగు పారెయ్యాల్నా?"

"వద్దండీ. అన్ని పనులకీ పనికొస్తుంది. ఆ ఒక్క మందు మాత్రం జన్మలో ఇవ్వకూడదు. మీ తోడబుట్టినవాళ్ళకి కూడా ఉండొచ్చు. వాళ్ళకీ చెప్పాలి."

తోడబుట్టినవాళ్ళు అన్న మాట దగ్గర అతను తల ఎత్తాడు.

"మా అక్క కాన్పుకు వోయింది" అన్నాడు. "టౌన్ల. కడుపు కోసి బిడ్డను దీసిన్రు. బిడ్డ మంచిగున్నది. అక్క లేవలే. మత్తు ఎక్కువిచ్చి సంపిండని ఆ మత్తు డాక్టర్ను కొట్టినం. అద్దాలు వలగ్గొట్టినం. ఊరిడ్సి వోయిండాయన."

ఆ అక్కకీ అదే మందు ఇచ్చారని నాకు అర్థమైంది. తర్వాత ఏం అడుగుతాడో కూడా అర్థమైంది.

"కరీంనగర్‌కు తోల్కపోయినం అంబులెన్సుల. ఒకడు మూతికి గాలి బుడ్డ వెట్టి ఒత్తుకుంటనే ఉండె. అయిపోయిందనే అనుకున్నం అందరం. పసిపోరి ఏడుస్తుండె. బావ ఏడుస్తుండు. నేనే అన్న మేడం. చెల్లెను బావకిద్దాం, పోరిని సాకుతది అని. తొవ్వల్నే. అక్క కాళ్లు నా ఒళ్లె ఉన్నయ్." అతను తన చేతుల వంక చూసుకున్నాడు. "ఎచ్చగున్నయ్. ఇన్నదా మేడం ఆమె?"

"వినలేదండీ" అన్నాను వెంటనే. "ఊపిరి సరిగా అందనప్పుడు ముందు తెలివే పోతుంది."

"నాకు వోలేదు గద."

"మీకు మిషన్ ఉంది."

"ఆమెకు బుడ్డ ఉండె. కరీంనగర్ దాక ఒత్తిండు."

స్నేహితుడు అతని భుజం మీద చెయ్యి వేశాడు. నేను కోటు జేబులోంచి కార్డు తీశాను.

ఇలాంటి రోగులకి జేబులో పెట్టుకునే కార్డు ఒకటి ఇస్తాం. డాక్టరమ్మ ఇంగ్లీషులో, అరబ్బీలో రాసి పంపింది. అతను దాన్ని అటూ ఇటూ తిప్పి, "తెలుగుల గూడ ఒకటి రాయండ్రి. ఫొటో కొట్టి చెల్లెకు పంపుత. ఆమెకు ఇంగ్లీషు రాదు" అన్నాడు. ఆ చెల్లెలు ఎవరో, ఎవరి ఇంట్లో ఎవరి బిడ్డని పెంచుతోందో నేను అడగలేదు.

ఖాళీ కార్డు తీసుకుని పెద్ద అక్షరాలతో రాశాను. మందు పేరు. ఈ మందు ఇవ్వకండి. ఇస్తే గంటలకొద్దీ ఊపిరి ఉండదు, ఒళ్ళు కదలదు. చుట్టూ ఉన్నవాళ్ళు జాగ్రత్తగా ఉండాలని, మంచం పక్కన ఎవరూ ఏమీ అనకూడదని, ఇంకో మాట చేర్చాను: కానీ తెలివి ఉంటుంది.

అతను కూడబలుక్కుంటూ చదివాడు. చివరి మాట దగ్గర బొటనవేలు పెట్టాడు.

"గిది వద్దు."

కలం తీసి కొట్టేయబోయాను. నా చెయ్యి పట్టుకున్నాడు.

"కొట్టేస్తే కనవడ్తది, మేడం. చెల్లె అడుగుతది. వేరేది రాయండ్రి."

వేరే కార్డు తీసుకుని, ఆ మాట లేకుండా మళ్ళీ రాశాను.